అడిగితే చెబుతుంది... నిజమేనా?

ఏం అడిగినా క్షణంలో జవాబిచ్చే ఏఐ ఇప్పుడు ప్రతి ఇంటికీ వచ్చేసింది. పిల్లల ప్రాజెక్టు నుంచి కోర్టు తీర్పు దాకా దాని చేతిరాతే! కానీ అది రాసిందాంట్లో ఏది నిజం, ఏది అల్లిక? తేల్చుకోవడం ఎలా?

అలుపు లేదు. విసుగు లేదు. అర్ధరాత్రి అడిగినా, అదే ప్రశ్న పదిసార్లు అడిగినా వినయంగా జవాబు చెబుతుంది. వ్యాసం రాయమంటే వ్యాసం, ఉత్తరం రాయమంటే ఉత్తరం, ఊరి చరిత్ర రాయమంటే ఊరి చరిత్ర. అక్షరదోషం ఉండదు, తడబాటు ఉండదు. పేర్లు, తేదీలు, అంకెలు... అన్నీ పొందిగ్గా అమరిపోయి ఉంటాయి. చదువుతుంటే ఎవరో పెద్ద మేష్టారు దగ్గర కూర్చుని చెబుతున్నట్టే ఉంటుంది.

చిక్కంతా అక్కడే ఉంది!

మనిషి తెలియని విషయం చెప్పాల్సి వస్తే నసుగుతాడు. గొంతు తగ్గిస్తాడు. 'అనుకుంటా', 'సరిగ్గా గుర్తులేదు' అంటాడు. వినేవాళ్లకు ఆ తడబాటే ఓ హెచ్చరిక. యంత్రం రాతలో చాలాసార్లు అది కనిపించదు. తెలిసిందీ తెలియనిదీ ఒకే ధీమాతో చెబుతుంది. తప్పుకు, ఒప్పుకు రంగులో తేడా ఉండదు. అందుకే చూడగానే పట్టుకోవడం చదువుకున్నవాళ్లకూ కష్టమవుతోంది.

గౌడవెల్లి ఎక్కడుంది?

ఓ చిన్న ఉదాహరణ చూద్దాం. సికింద్రాబాద్ నుంచి నిజామాబాద్ వెళ్లే రైలు మార్గంలో గుండ్లపోచంపల్లి దాటాక, మేడ్చల్‌కు ముందు వచ్చే స్టేషన్ గౌడవెల్లి. హైదరాబాద్‌కు ఉత్తరాన అవుటర్ రింగురోడ్డు చెంతనున్న ఊరు. దాని చిరునామా ఏమిటి? ఇంతకంటే తేలికైన ప్రశ్న ఉంటుందా అనిపిస్తుంది కదూ!

1978 ఆగస్టు 15న రంగారెడ్డి జిల్లా ఏర్పడేదాకా ఈ ప్రాంతం హైదరాబాద్ జిల్లాలో ఉండేది. తరవాత ముప్ఫై ఎనిమిదేళ్లు రంగారెడ్డి జిల్లా. 2014 జూన్ 2 దాకా రాష్ట్రం ఆంధ్రప్రదేశ్, ఆ తరవాత తెలంగాణ. 2016 అక్టోబరు 11న మేడ్చల్-మల్కాజిగిరి జిల్లా వచ్చింది. 2024 సెప్టెంబరులో నగరం చుట్టూ ఉన్న 51 గ్రామ పంచాయతీలను పక్కనున్న పురపాలికల్లో కలిపినప్పుడు గౌడవెల్లి పంచాయతీ గుండ్లపోచంపల్లి మున్సిపాలిటీలో కలిసింది. 2025 డిసెంబరులో ఆ మున్సిపాలిటీ కూడా మిగతా 26 పట్టణ సంస్థలతో పాటు జీహెచ్‌ఎంసీలో విలీనమైంది. 2026 ఫిబ్రవరిలో ఆ మహానగర సంస్థనే మూడు కార్పొరేషన్లుగా విడదీశారు.

అంటే, ఊరు అంగుళం కదల్లేదు. చిరునామా మాత్రం మారుతూనే ఉంది!

ఇప్పుడు యంత్రాన్ని 'గౌడవెల్లి గురించి రాసిపెట్టు' అని అడిగారనుకోండి. అది నేర్చుకున్న రాతల్లో రంగారెడ్డి జిల్లా అని ఉన్నవీ ఉంటాయి, మేడ్చల్ జిల్లా అని ఉన్నవీ ఉంటాయి. గ్రామ పంచాయతీ అన్నవీ ఉంటాయి, మున్సిపాలిటీ అన్నవీ ఉంటాయి. ఏదీ అబద్ధం కాదు. ఏ ఏటికి ఆ ఏడు నిజమే. వాటిని కలిపి ఒక్క వాక్యంగా కుట్టేస్తే మాత్రం, ఏ కాలంలోనూ లేని చిరునామా తయారవుతుంది.

జనాభా సంగతీ అంతే. దేశంలో పూర్తయిన చివరి జనగణన 2011 నాటిది. 2021లో జరగాల్సింది వాయిదా పడింది. కాబట్టి 'ప్రస్తుత జనాభా ఇంత' అని యంత్రం ఓ అంకె రాస్తే, అది పదిహేనేళ్ల కిందటి లెక్క కావచ్చు. ఈలోగా పొలాల్లో వెంచర్లు వెలిశాయి, అపార్టుమెంట్లు లేచాయి. 2023 ఏప్రిల్ 8న సికింద్రాబాద్ నుంచి మేడ్చల్‌కు ఎంఎంటీఎస్ రైళ్లు మొదలయ్యాయి. అప్పటి అంకెకు 'ప్రస్తుత' అన్న మాట తగిలిస్తే చాలు, నిజం కాస్తా తప్పయిపోతుంది.

పేరు దగ్గరా ప్రమాదమే. ఇంగ్లిషులో ఈ ఊరి పేరును రెండు మూడు రకాలుగా రాస్తారు. సిద్దిపేట జిల్లా అక్కన్నపేట మండలంలో గౌరవెల్లి అనే ఊరుంది. అక్కడి జలాశయం గురించి పత్రికల్లో ఎన్నో వార్తలు వచ్చాయి. ఇంగ్లిషులో రాస్తే రెండు పేర్లకూ తేడా ఒక్క అక్షరం. ఒక ఊరి రాతల్లోకి రెండో ఊరి నీళ్లు ప్రవహించడానికి అది చాలదూ!

హైదరాబాద్, తిరుపతి, విజయవాడ... ఇలాంటి పెద్ద ఊళ్ల గురించి లక్షల పేజీలున్నాయి. ఒకచోట తప్పుంటే పదిచోట్ల ఒప్పు ఉంటుంది. చిన్న ఊళ్లకు ఆ భాగ్యం లేదు. ఉన్న నాలుగు ముక్కలతోనే యంత్రం వ్యాసం నింపాలి. మిగతా ఖాళీని ఊహతో పూరిస్తుంది. మన ఊరి గురించి, మన వీధి గుడి గురించి, మన తాతగారి గురించి అడిగినప్పుడే అది తప్పులు చేసే అవకాశం ఎక్కువ.

ఎంసెట్ కిటుకు

ఇంతకీ అది అబద్ధాలు ఎందుకు చెబుతుంది? నిజానికి దానికి నిజం, అబద్ధం అన్న తేడాతో పనిలేదు. కోట్ల పేజీల రాతలను చదివించి దానికి నేర్పించింది ఒక్కటే: ఈ మాట తరవాత ఏ మాట వస్తే బాగుంటుంది? 'కోడి కూసింది, తెల్ల...' అనగానే మన నోట 'వారింది' అని వచ్చేస్తుంది చూడండి, అలాగన్నమాట. కాకపోతే అది చేసే అంచనాలు మనం ఊహించలేనంత నిశితంగా ఉంటాయి. చాలాసార్లు అతికే మాట, నిజమైన మాట ఒకటే అవుతాయి. అందుకే అది అంత పనికొస్తుంది. ఎప్పుడో ఒకసారి అతికే మాట ఒకటి, నిజం మరొకటి అవుతాయి. అప్పుడు కూడా అది అతికే మాటనే రాస్తుంది.

చాట్‌జీపీటీని తయారుచేసిన ఓపెన్ఏఐ సంస్థ పరిశోధకులే 2025 సెప్టెంబరులో ఈ జబ్బు మూలాలపై ఓ పత్రం వెలువరించారు. వాళ్లు చెప్పిన కారణం మన ఇంటర్ పిల్లలకు ఇట్టే అర్థమవుతుంది. ఎంసెట్లో నెగిటివ్ మార్కులు ఉండవు. ఇప్పుడు ఈఏపీసెట్ అంటున్నా పద్ధతి అదే. జవాబు రాకపోయినా గడి ఖాళీగా వదిలి వచ్చే పిల్లలుంటారా? ఏదో ఒకటి నింపి వస్తారు. తగిలితే మార్కు, తగలకపోతే పోయేదేం లేదు. ఈ యంత్రాలకు పెట్టే పరీక్షలూ ఎక్కువగా అలాంటివే. 'తెలియదు' అన్నదానికి సున్నా. ఊహించి కొడితే ఎప్పుడైనా మార్కు రావచ్చు. అలా పెంచిన పిల్లవాడు తెలియదని ఎందుకంటాడు?

ఇప్పుడు వస్తున్న కొన్ని యంత్రాలు జవాబు చెప్పేముందు ఇంటర్నెట్‌లో వెతికి, లంకెలు కూడా ఇస్తున్నాయి. అది మంచి మార్పే. కానీ లంకె ఉన్నంత మాత్రాన తనిఖీ పూర్తయినట్టు కాదు. ఆ పేజీ తెరిస్తే, అక్కడ ఆ మాటే ఉండకపోవచ్చు. ఉన్నా పాతది కావచ్చు. పేజీలో ఒకటి ఉంటే యంత్రం మరోలా అర్థం చేసుకుని ఉండొచ్చు.

బెజవాడ కోర్టులో...

ఇదంతా పిల్లల ప్రాజెక్టులకు పరిమితమైతే ఫర్వాలేదు. న్యాయస్థానం దాకా వెళితే?

విజయవాడలో ఓ స్థలం తగాదా జూనియర్ సివిల్ జడ్జి కోర్టుకు వచ్చింది. స్థలం ఎలా ఉందో చూసి చెప్పమని కోర్టు ఓ అడ్వకేట్ కమిషనర్‌ను నియమించింది. ఆ నివేదికపై ప్రతివాదులు అభ్యంతరం చెప్పారు. 2025 ఆగస్టులో కోర్టు ఆ అభ్యంతరాలను తోసిపుచ్చింది. అందుకు ఆధారంగా నాలుగు పాత తీర్పులను చూపింది. ఓడినవాళ్లు ఆ తీర్పులేమిటో చదువుదామని వెతికారు. దొరకలేదు. ఎందుకంటే అలాంటి తీర్పులే లేవు!

వ్యవహారం ఆంధ్రప్రదేశ్ హైకోర్టుకు వెళ్లింది. సంజాయిషీ అడిగితే తేలింది ఏమిటంటే, న్యాయాధికారి మొదటిసారిగా ఓ ఏఐ పరికరాన్ని వాడారు. అది ఇచ్చినవి అసలు తీర్పులేనని నమ్మారు. ఉదహరించిన తీర్పులు లేకపోయినా, వర్తింపజేసిన న్యాయసూత్రం సరైనదేనంటూ 2026 జనవరిలో హైకోర్టు ఆ ఉత్తర్వును నిలబెట్టింది. యంత్రాన్ని గుడ్డిగా నమ్మొద్దని హెచ్చరించింది.

సుప్రీంకోర్టు దాన్ని అంత తేలిగ్గా తీసుకోలేదు. 2026 ఫిబ్రవరి చివర్లో జస్టిస్ పి.ఎస్.నరసింహ, జస్టిస్ అలోక్ అరాధేల ధర్మాసనం ముందుకు విషయం వచ్చింది. లేని తీర్పుల మీద ఆధారపడటం కేవలం నిర్ణయంలో దొర్లిన పొరపాటు కాదని, అది దుష్ప్రవర్తన కిందికి వస్తుందని ధర్మాసనం అభిప్రాయపడింది. దీని పర్యవసానాలను లోతుగా పరిశీలించాలంటూ అటార్నీ జనరల్‌కు, సొలిసిటర్ జనరల్‌కు, బార్ కౌన్సిల్‌కు నోటీసులిచ్చింది.

ఇక్కడ ఆలోచించాల్సిన సంగతి ఒకటుంది. లెక్క జవాబు సరిపోయింది కదా, మధ్యలో మెట్లు దొంగవైతే ఏం అని మనం అనుకోవచ్చు. కానీ కోర్టుకు వెళ్లిన మనిషికి జవాబొక్కటే చాలదు. ఏ ఆధారంతో తన మాట కొట్టేశారో తెలియాలి. దాన్ని తిరిగి ప్రశ్నించే వీలుండాలి. ఆధారమే గాలిలో ఉంటే దేన్ని ప్రశ్నిస్తాడు?

ఇలాంటిది మనదేశంలో ఇదే మొదటిది కాదు. 2024 డిసెంబరులో బెంగళూరు ఆదాయపు పన్ను అప్పిలేట్ ట్రైబ్యునల్ ఇచ్చిన ఓ ఉత్తర్వులోనూ లేని తీర్పులు కనిపించాయి. కొద్దిరోజులకే దాన్ని వెనక్కి తీసుకున్నారు. 2025 జులైలో కేరళ హైకోర్టు జిల్లా న్యాయవ్యవస్థ కోసం ప్రత్యేక విధానమే ప్రకటించింది. తీర్పులు చెప్పడానికి ఏఐని వాడకూడదన్నది అందులో ముఖ్యమైన నియమం.

దొంగనే సాక్షి అడిగితే

అమెరికాలో 2023లో జరిగిన కథ ఇంకా విచిత్రం. విమానంలో ఆహారం అందించే బండి మోకాలికి తగిలి గాయపడ్డానని ఓ ప్రయాణికుడు ఏవియాంకా సంస్థపై న్యూయార్క్‌లో దావా వేశాడు. అతడి న్యాయవాదులు సమర్పించిన పత్రంలో ఆరు తీర్పులు బొత్తిగా కల్పితాలు. చాట్‌జీపీటీ ఇచ్చినవి. ఆ న్యాయవాదికి అనుమానం రాలేదా అంటే, వచ్చింది! ఇది నిజమైన కేసేనా అని అడిగాడు కూడా. ఎవర్ని? ఆ చాట్‌జీపీటీనే! అవును, నిజమైనదేనంది అది. చివరికి 5,000 డాలర్ల జరిమానా పడింది. ఆవు చేను మేసిందా అని ఆవునే అడిగితే ఏం చెబుతుంది?

పత్రికలూ ఇందుకు మినహాయింపు కాదు. 2025 మేలో అమెరికాలోని 'షికాగో సన్‌టైమ్స్' వేసవి అనుబంధంలో చదవాల్సిన పుస్తకాల జాబితా వచ్చింది. మొత్తం 15 పుస్తకాలు. రచయితలందరూ నిజమైనవాళ్లే. ఇసబెల్ అయెండే లాంటి పేరున్నవాళ్లు. పుస్తకాల్లో పది మాత్రం ఎవరూ రాయనివి! బయటి సంస్థ నుంచి తెప్పించుకున్న ఆ పేజీలను రచయిత ఏఐతో తయారుచేశాడు, ఎవరూ సరిచూడలేదు. పాఠకులే పుస్తకాల కోసం వెతికి, లేవని తేల్చారు.

అదే ఏడాది అక్టోబరులో, ఆస్ట్రేలియా ప్రభుత్వానికి ఇచ్చిన నివేదికలో లేని పరిశోధనలు, కోర్టు తీర్పులో లేని వాక్యాలు దొర్లాయని తేలడంతో డెలాయిట్ సంస్థ కొంత సొమ్ము వాపసు ఇస్తామని ఒప్పుకుంది. ఆ పని విలువ సుమారు 4.4 లక్షల ఆస్ట్రేలియా డాలర్లు. తప్పును పట్టుకున్నది ఓ విశ్వవిద్యాలయ అధ్యాపకుడు. ఆ రంగం తెలిసినవాడు కాబట్టి, తోటివాళ్లు రాయని పుస్తకాలు రాసినట్టు ఉండటం చూసి ఆరా తీశాడు.

ఈ కథలన్నింటిలో ఒకటే పోలిక. రాసినవాళ్లు చదువుకోనివాళ్లు కారు. అవి దొరికిపోయింది కూడా గొప్ప సాంకేతికతతో కాదు. ఎవరో ఒకరు ఓపిగ్గా అసలు కాగితం కోసం వెళ్లారు. అంతే!

అసలు కాగితం ఎక్కడ?

ఏఐతో రాయించుకోవడం తప్పేమీ కాదు. వాక్యం దిద్దించుకోవచ్చు, పెద్ద పాఠాన్ని కుదించమనొచ్చు, అర్థంకానిది విడమరిచి చెప్పమనొచ్చు. అందులోని పేరు, తేదీ, అంకె, నియమం... వీటి బాధ్యత మాత్రం కింద సంతకం చేసే మనిషిదే. వాటిని సరిచూసే పద్ధతి పెద్ద కష్టమేమీ కాదు.

వ్యాసాన్ని మొత్తంగా చూస్తే తప్పు కనిపించదు. పెన్సిల్ తీసుకుని అందులోని ప్రతి పేరు, తేదీ, అంకె కింద గీత గీయండి. ఒక్కోదాన్నీ విడిగా అడగండి: ఇది మొదట రాసి ఉండాల్సిన కాగితం ఏది? జిల్లా ఏర్పడిన తేదీకి ప్రభుత్వ ఉత్తర్వు. జనాభాకు జనగణన పుస్తకం. తీర్పుకు కోర్టు. పుస్తకానికి ప్రచురణకర్త లేదా గ్రంథాలయం. రైలు వేళలకు రైల్వే. అక్కడ దొరికితే ఉంచండి. దొరక్కపోతే కొట్టేయండి. ఎంత అందమైన వాక్యమైనా సరే!

తీర్పుల విషయంలో ఇప్పుడు సామాన్యుడికీ దారి ఉంది. సుప్రీంకోర్టు తీర్పులను ఉచితంగా చూసేందుకు 2023 జనవరిలో ఈ-ఎస్‌సీఆర్ మొదలైంది. హైకోర్టుల వెబ్‌సైట్లు, ఈ-కోర్ట్స్ సేవలు ఉన్నాయి. కక్షిదారుల పేర్లు కొడితే కేసు ఉందో లేదో తెలిసిపోతుంది. ఉంటే, ఆ పేరాలో నిజంగా ఆ మాటే ఉందా అన్నది రెండో తనిఖీ. గౌడవెల్లి పక్కనే శామీర్‌పేటలోని నల్సార్ లాంటి చోట్ల న్యాయవిద్యార్థులకు మొదటి నుంచీ నేర్పేది అదే: తీర్పు తెరిచి చదవకుండా ఉదహరించొద్దని.

మేడ్చల్ వైపు స్థలం కొనాలనుకునే కుటుంబాలకు ఇది ఇంకా ముఖ్యం. 2020 అక్టోబరు 29న ధరణి పోర్టల్‌ను ప్రారంభించింది ఇదే జిల్లాలోని మూడుచింతలపల్లిలో. 2025 ఏప్రిల్ 14 నుంచి దాని స్థానంలో భూభారతి వచ్చింది. చట్టమూ మారింది. ధరణి రోజుల్లోని రాతలు మాత్రం ఇంటర్నెట్ నిండా అలాగే ఉన్నాయి. యంత్రం వాటిని చూసి పాత పద్ధతే చెప్పొచ్చు. సర్వే నంబరు, లేఅవుట్ అనుమతి, రెరా నమోదు, ఈసీ... ఇవి దాన్ని అడిగి తెలుసుకునే విషయాలు కావు. భూభారతిలో, రెరా వెబ్‌సైట్‌లో, సబ్‌రిజిస్ట్రార్ ఆఫీసులో చూసుకోవాల్సినవి. జీవితకాలం కూడబెట్టిన సొమ్ముకు ఒకరోజు తిరుగుడు పెద్ద ఖరీదు కాదు. మందుల మోతాదు విషయమూ అంతే, డాక్టరు చీటీయే ప్రమాణం.

నలుగురు చెప్పారంటే నిజమేనా?

'నాలుగు వెబ్‌సైట్లలో ఇదే ఉంది కదా' అన్న ధీమా కూడా పనికిరాదు. నాలుగూ ఒకదాన్నొకటి చూసి రాసినవైతే అవి నాలుగు సాక్ష్యాలు కావు, ఒకే సాక్ష్యానికి నాలుగు జిరాక్సులు. ఈ రోజు యంత్రం అల్లిన మాట రేపు ఎవరి వెబ్‌సైట్లోనో చేరుతుంది. ఎల్లుండి మరో యంత్రం దాన్ని చదివి నేర్చుకుంటుంది. అప్పుడు అది పుట్టింటి ఆనవాళ్లు పోగొట్టుకుని నిజంలా చెలామణీ అవుతుంది.

చిన్న ఊళ్లకు అసలు నష్టం ఇదే. గుడి వార్షికోత్సవానికో, బడి స్వర్ణోత్సవానికో ఓ సంచిక వేస్తారు. ఊరి చరిత్ర రెండు పేజీలు కావాలి. ఒకప్పుడు ఎవరో ఓ మేష్టారు పెద్దలను అడిగి, పాత పహాణీలు తిరగేసి, శాసనం ఉంటే చూసి రాసేవారు. ఇప్పుడు ఒక్క మాట అడిగితే యంత్రం రెండు పేజీలు ఇచ్చేస్తుంది. ఊరికి ఆ పేరు ఎలా వచ్చిందో ఓ కమ్మని కథ కూడా చెప్పేస్తుంది. అచ్చయ్యాక ఆ కథే ఊరి చరిత్ర. పాతికేళ్ల తరవాత దాన్ని కాదనడానికి తెలిసినవాళ్లు మిగలరు.

కాబట్టి యంత్రం దగ్గరికి వెళ్లేముందు ఇంట్లో తాతయ్యనో, అమ్మమ్మనో అడగండి. వాళ్లు చెప్పిందీ కాగితంతో సరిచూడాల్సిందే, జ్ఞాపకాలూ పొరబడతాయి. కానీ వాళ్లను 'మీకెలా తెలుసు?' అని అడగొచ్చు. 'మా నాయన చెప్పాడు', 'నేను కళ్లారా చూశా', 'ఏమో, ఎవరో అనుకోగా విన్నా' అంటారు. ఆ మూడు జవాబుల్లో దేన్ని ఎంత నమ్మాలో వినేవాళ్లకు తెలిసిపోతుంది. పిల్లలకు నేర్పాల్సిన మొదటి ప్రశ్నా అదే. చెప్పింది మనిషైనా, యంత్రమైనా... నీకెలా తెలుసు?